ఆరో వరస, నలభై ఒకటో స్థలం

రోజు 1

ఇళ్ళ సంఘం ఆఫీసులో గుమాస్తా మా పేరు రెండుసార్లు చదివాడు. మొదటిసారి నాకు వినపడలేదు. ఆరో వరస, నలభై ఒకటో స్థలం, సూరాడ తాతారావు, భార్య పైడమ్మ, ఇంట్లో మొత్తం ఏడుగురు. సముద్రం మా ఊరిని మింగేశాక ఈ కొండెక్కి, మెట్టపాలెం షెడ్డులో తెర కట్టుకుని పదకొండేళ్ళు కాపురం చేసిన తర్వాత విన్న మాట అది. తాతారావు అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

ఈ పుస్తకం కూడా అక్కడే ఇచ్చారు. స్థలం వచ్చినవాళ్ళు జరిగింది జరిగినట్టు చేత్తో రాయాలట. ఇంట్లో చదువుకున్నది నేనే కాబట్టి నేనే రాస్తున్నాను. తొలకరికి తొంభై రోజులున్నాయి. ఆలోగా గోడలు లేవకపోతే స్థలం మళ్ళీ లాటరీలోకి పోతుంది.

ఇళ్ళ ప్లాన్లు తనే గీసే పెట్టె ముందు నిలబడి ఏడుగురి పేర్లూ వయసులూ చెప్పాం. నిమిషంలో కాగితం బయటికొచ్చింది. రెండు గదులు, వంటిల్లు, ముందు అరుగు. గోడలు పొరలుగా పోసే అచ్చు యంత్రం వచ్చిందంటే నాలుగు రోజుల్లో ఇల్లు పోసి వెళ్ళిపోతుంది. ఇక కావలసింది ఆ కాగితం మీద ఒక మనిషి సంతకం. లైసెన్సున్న ఆర్కిటెక్ట్ సంతకం.

ఆ నిబంధన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. కిందటేడు వానల్లో నాలుగో వరసలో ఒక ఇల్లు కుంగింది. అందులో మా అప్ప అచ్చమ్మ, బావ పోయారు. వాళ్ళ కూతురు సీతాలు ఆ వేళకి బయట అరుగు మీద ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. అప్పట్నుంచి నా దగ్గరే ఉంటోంది.

రోజు 3

పొద్దున్నే మంచు వలలు దులిపి, తొట్టెల్లో చేరిన నీళ్ళు అప్పగించి, తాతారావూ నేనూ ఆర్కిటెక్ట్ దగ్గరికి బయల్దేరాం. మావాళ్ళు ఒకప్పుడు ఇవే ముడులతో వలలు అల్లి చేపలు పట్టేవారు. ఇప్పుడు కొండమీద గుంజలకు వలలు కట్టి మంచులోంచి తాగే నీళ్ళు పడుతున్నాం.

మెట్టపాలెం మొత్తానికి లైసెన్సున్న ఆర్కిటెక్ట్‌లు ఇద్దరే. మేం వెళ్ళింది వామనమూర్తి గారి దగ్గరికి. వాకిట్లో పెద్ద వరస. మా వంతు వచ్చాక ఆయన తలెత్తకుండానే కాగితం అందుకున్నాడు.

"మా స్థలం చూడ్డానికి ఎప్పుడొస్తారండీ?" అని అడిగాను.

"చూడ్డానికేముందమ్మా? పెట్టె అన్నీ చూసే గీసింది. రోజుకి నలభై సంతకాలు పెడతాను. నలభై స్థలాలు తిరగమంటావా?"

పెన్ను కాగితానికి ఆనింది. నేను కాగితం లాగేసుకున్నాను. ఎందుకలా చేశానో ఆ క్షణాన నాకే తెలీదు.

దారిపొడుగునా తాతారావు తిట్టాడు. "పెన్ను కాయితం మీదెట్టేసినాడే! ఏటయిపోనాది నీకు?"

"అప్ప ఇల్లు కూడా ఎవులూ సూడకుండానే పోసీసినారు కదా మావా. సూడకుండా ఎట్టిన సంతకం ఉంటే ఎంత, నేకపోతే ఎంత?"

అతను నాకంటే ముందు నడిచాడు.

రోజు 6

రెండో ఆర్కిటెక్ట్ హైమావతి గారు నీళ్ళ ట్యాంకు కింద ఒంటిగదిలో ఉంటుంది. యాభై దాటిన మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గదిలో మంచం కంటే బల్ల పెద్దది. ఏడాదిగా తన దగ్గరికి ఎవరూ రాలేదని తనే చెప్పింది.

"నా దగ్గర ఉత్త సంతకం దొరకదమ్మా. ఇల్లు కట్టిస్తాను. దానికి ముందు మీ నేల మీద పది రోజులు ఉండాలి. మీ ఇంట్లోవాళ్ళందరితో మాట్లాడాలి. అంత ఓపికుంటే చెప్పండి."

"పది రోజులేటి మేడమ్! మాకున్నదే తొంభై," అన్నాడు తాతారావు.

"ఇప్పుడు ఎనభై నాలుగు," అందావిడ.

నాకు ఆవిడ నచ్చింది. సరేనన్నాను. తాతారావు మొహం గంటుపెట్టుకున్నాడు గానీ కాదనలేదు.

రోజు 8

హైమావతి గారు షెడ్డుకి వచ్చి మా తెర వెనక చాపమీద కూర్చుంది. ఎవరెక్కడ పడుకుంటారు, ఎవరు ముందు లేస్తారు, ఎవరికి ఎవరి మాట పడదు, అన్నీ అడిగింది. మా తోటికోడలు రవణమ్మ ముందు సిగ్గుపడింది. తర్వాత తలుపున్న స్నానాల గది కావాలని మూడుసార్లు చెప్పింది. మరిది దానయ్య వలలు ఆరేసుకోడానికి జాగా అడిగాడు. వాళ్ళ పిల్లలిద్దరూ మేడ కావాలన్నారు.

చివరికి సీతాలు వంతు వచ్చింది.

"నీకేం కావాలమ్మా?"

"నాకిల్లొద్దు," అంది సీతాలు. "బయట పడుకోనిస్తే సాలు."

అందరం గబుక్కున ఏదో ఒకటి అనబోయాం. ఆవిడ చెయ్యెత్తి ఆపి, ఆ మాట ఉన్నదున్నట్టు తన కాగితంలో రాసుకుంది. గోడలంటే భయపడక్కర్లేదని, ఏమీ కాదని ఊరడించలేదు. వెళ్ళేముందు మాత్రం, "ఆ ఇల్లు కుంగినప్పుడు ఏ చప్పుడు ముందు వినపడింది?" అని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ పిల్లని ఎవరూ అడగని ప్రశ్న అది. "గాజు ఇరిగినట్టు," అంది సీతాలు.

రోజు 14

నలభై ఒకటో స్థలంలో ఆవిడ చిన్న గుడారం వేసుకుని ఆరు రోజులైంది. నేను అన్నం పట్టుకెళ్తున్నాను. మనిషి లోతు గొయ్యి ఒకటి తవ్వించింది. ఇవాళ నన్ను దగ్గరికి పిలిచి గోతిలో రెండు బిందెల నీళ్ళు పొయ్యమంది. మా కొండమీద నీళ్ళు పారబొయ్యడమంటే చెయ్యి రాదు. అయినా పోశాను. చూస్తూ ఉండగానే ఆ నీళ్ళు ఇంకిపోయాయి.

తర్వాత ఇనప ఊచ ఇచ్చి, గోతి అడుగున గుచ్చమంది. నా చేతి బలానికే అది మోచెయ్యి లోతు దిగింది.

"పెట్టె ఇక్కడ రాయి ఉందంది," అని ఆవిడ తట్టలోంచి ఒక ముక్క తీసింది. పాత ఇటుక పెచ్చు. ఇంకొకటి పగిలిన పింగాణీ కప్పు పిడి. "ఇదొకప్పుడు రాళ్ళ క్వారీ. తవ్వేసిన గోతిని చెత్తతో పూడ్చారు. పెట్టె దగ్గరున్న పటం క్వారీ తవ్వక ముందుది."

"మరేటి సెయ్యాలి మేడమ్?"

"ఇంకో నాలుగు చోట్ల తవ్వి చూస్తాను. గొయ్యి ఎంతవరకూ ఉందో తెలియాలి."

రోజు 18

తెలిసింది. మా స్థలంతో ఆగలేదు. నలభై నుంచి యాభై నాలుగు దాకా కిందంతా గొయ్యే. ఆ పదిహేను స్థలాల్లో మాది తప్ప అన్నింటిలో ఇళ్ళు లేచాయి. మనుషులున్నారు.

"నేను ఇక్కడ ఇల్లు గియ్యలేనమ్మా," అంది హైమావతి గారు. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఇంతమంది బతుకులున్నాయి. సంఘానికి రాసివ్వాలి."

రోజు 19

ఇంట్లో పెద్ద గొడవ. తాతారావు ఇంత గొంతెత్తడం ఎప్పుడూ వినలేదు. తెరల వెనకనుంచి షెడ్డంతా విన్నారు.

"పదకొండేళ్ళు, పైడీ! పదకొండేళ్ళు గుడ్డ ఎనకాల బతికినాం. పెళ్ళాంతో ఒక మాట మాటాడాలంటే కొండెక్కాల. ఆవిడెవులో వచ్చి గోయి తవ్వితే, ఇంక మనకి ఇల్లు నేదా?"

"గోతిలో నానే ఊచ దింపినాను మావా. నా సేత్తో."

"అయితే ఆ వరసోళ్ళంతా ఎలాగున్నారు? ఆళ్ళు మడుసులు కారేటి?"

ఇల్లు నాకు మాత్రం వద్దా? రవణమ్మ ఆ స్నానాల గది తలుపు గురించి మళ్ళీ మళ్ళీ చెప్పినప్పుడు నాకూ కళ్ళముందు కనపడింది.

రోజు 21

పక్క స్థలం గున్నమ్మ వదిన వలల దగ్గరికి వచ్చింది. నలభయ్యో నంబరు ఇల్లు ఆవిడదే. రెండు నెలలైంది దిగి. మొన్నటిదాకా నన్ను చూస్తే నవ్వేది.

"సంఘానికి రాతలు రాయించినావట. నా ఇల్లు ఖాళీ సేయించి నీకేటొస్తాది?"

"వదినా, నా కోసం కాదు. కింద గట్టి నేల నేదు."

"నా కోడలికి ఏడో నెల. దాన్ని మళ్ళీ ఆ సెడ్డులోకి ఒట్టుకెళ్ళమంటావా? నీ అప్ప పోనాదని ఊరందర్నీ భయపెట్టీకు, పైడమ్మా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నా భయం నిజంగా నేల గురించేనా, అప్ప గురించా అని ఇవాళంతా అదే ఆలోచన. వల కడుతుంటే ముడులు రెండుసార్లు తప్పాయి.

రోజు 26

హైమావతి గారు, నేను సంఘం ఆఫీసుకి వెళ్ళాం. ఆవిడ రాసింది అధికారి మర్యాదగా చదివాడు. పెట్టెలో చూశాడు. పెట్టె మళ్ళీ గట్టి నేల అంది.

"మీరు చేత్తో తవ్వారు మేడమ్. ఇది ఆకాశంలోంచి చూసింది. నేను దేన్ని నమ్మాలి?"

"వచ్చి ఊచ గుచ్చి చూడండి," అంది ఆవిడ.

రాలేదు. స్థలం వద్దనుకుంటే వాపసు చెయ్యొచ్చన్నాడు. పేరు లాటరీలో మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుందట.

రోజు 39

పన్నెండు రోజులు ఏమీ రాయలేదు. తాతారావు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. సంఘం నుంచి ఇంకే కబురూ లేదు. నిన్న వేసవి వాన ఒకటి గట్టిగా కురిసింది. వలలు చిరిగాయి.

రోజు 40

పొద్దున సీతాలు పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, మన తలానికి మిసను వచ్చినాది!"

నేను వెళ్ళేసరికి అచ్చు యంత్రం నాలుగు కాళ్ళమీద నిలబడి ఉంది. చుట్టూ పసుపు గీత గీసేశారు. తాతారావు చేతిలో కాగితం. దానిమీద వామనమూర్తి సంతకం.

నా వైపు చూడలేకపోయాడు. "నాలుగు రోజులే పైడీ. లేచినాక నువ్వే సంతోసిస్తావు."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నేరుగా వెళ్ళి పసుపు గీత లోపల, స్థలం మధ్యలో కూర్చున్నాను. గీత లోపల మనిషి ఉంటే యంత్రం కదలదు. ఎర్ర దీపం వెలిగింది.

యంత్రం నడిపే కుర్మయ్య బతిమాలాడు. వరసలోవాళ్ళు చేరారు. గున్నమ్మ వదిన తన అరుగు మీంచి తిట్టింది. దానయ్య వచ్చి, "వదినా, లెగు. పరువు పోతంది," అన్నాడు. తాతారావు మాత్రం దూరంగా నిలబడ్డాడు. హైమావతి గారు వచ్చి గీత బయటే ఆగింది.

"మీరు నన్ను లెగమంటారా మేడమ్?" అని అడిగాను.

"నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇది మీ ఇల్లు," అంది.

ఎండ నెత్తిమీదికి వచ్చింది. సీతాలు నీళ్ళు తెచ్చిచ్చి, తనూ నా పక్కన కూర్చుంది. అలా నాలుగు గంటలు గడిచాయి. ఇక లేచిపోదామనిపించింది నాకు. నిజం రాస్తున్నాను. ఇంకో కొద్దిసేపైతే లేచేదాన్నే. అప్పుడే కుర్మయ్య కేక పెట్టాడు.

యంత్రం ముందుకాలు ఒకటి కుంగుతోంది. మొదట వేలెడు. తర్వాత జానెడు. పన్నెండు టన్నుల యంత్రం నిలబడ్డ చోటే మెల్లగా గున్నమ్మ వదిన ఇంటివైపు ఒరిగింది. మనుషులు చెదిరారు. తాతారావు గీత దాటి లోపలికి ఉరికి, సీతాలుని ఒక చంకన వేసుకుని, నా రెక్క పట్టుకుని బయటికి లాగాడు. యంత్రం పడలేదు. ఒరిగి ఆగిపోయింది. కానీ ఆ కాలు దిగిన గోతిలోంచి, ఎవరో ఎప్పుడో పారేసిన పాత ఇటుకలు అందరికీ కనపడ్డాయి.

తాతారావు నా రెక్క వదల్లేదు.

రోజు 44

సంఘం తేల్చింది. నలభై ఒకటో స్థలం మాత్రమే పనికిరాదట. దాన్ని జాబితాలోంచి కొట్టేశారు. మిగతా ఇళ్ళు యంత్రం బరువుకే తట్టుకుని లేచాయి కాబట్టి వాటికి భయం లేదన్నారు. మా పేరు లాటరీలో కిందికి పోయింది.

వరసలోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. మాకు షెడ్డులో పాత తెరే మిగిలింది. తాతారావు దాని ఊడిన కొసని మళ్ళీ కడుతూ, "నీ మాట ఇనాల్సింది," అన్నాడు. తర్వాత, "ఇన్నా ఇల్లు రాదు గదా," అన్నాడు. రెండూ నిజమే.

రోజు 52

మాతో పని అయిపోయింది కదా, హైమావతి గారు తన గదికి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. పాత కిటికీ అద్దాలు పోగుచేసి వేలెడు పట్టీలుగా కోసింది. ఆ పద్నాలుగు ఇళ్ళకీ వెళ్ళి, గోడలో ఎక్కడ చిన్న బీట కనపడినా దానిమీద అడ్డంగా ఒక గాజు పట్టీ అంటిస్తోంది. నేను జిగురు డబ్బా పట్టుకుని వెంట తిరిగాను.

"గోడ కదిలితే ముందు ఇది విరుగుతుంది. రోజూ పొద్దున లేవగానే చూడండి. విరిగితే సామాను చూసుకోకండి. బయటికి వచ్చేసి అందర్నీ పిలవండి."

కొందరు నవ్వారు. కొందరు మొహమాటానికి సరేనన్నారు. గున్నమ్మ వదిన నాతో మాట్లాడలేదు గానీ, హైమావతి గారు పట్టీ అంటిస్తుంటే అడ్డం చెప్పలేదు. యాభై రెండో ఇంట్లో కొత్త దంపతులు మాకు టీ ఇచ్చారు. ఆ అమ్మాయి తన గోడకి తనే లేత నీలం వేసుకుంది. బాగుందా అని రెండుసార్లు అడిగింది.

రోజు 93

తొలకరి మొదలైంది. షెడ్డు రేకుల మీద చప్పుడుకి మాటలు వినపడవు. వాన పడుతున్నంతసేపూ సీతాలు గుమ్మంలో నిలబడి ఆరో వరసవైపే చూస్తుంది. నేను లోపలికి రమ్మనడం మానేశాను. నేనూ అక్కడే నిలబడుతున్నాను.

రోజు 107

మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. పళ్ళెం మీద గరిటె కొడుతున్న చప్పుడు ఆరో వరసవైపు నుంచి వినపడింది. చేతులు కడుక్కోకుండా పరుగెత్తాం.

గున్నమ్మ వదిన వానలో వరస పొడుగునా పళ్ళెం కొట్టుకుంటూ తిరుగుతోంది. "గాజు ఇరిగీసినాది! రండి! బైటికి రండి!" రోజుల పసిగుడ్డుని ఎత్తుకుని కోడలు ముందే రోడ్డు మీదికి వచ్చేసింది. తాతారావు, దానయ్య ఇల్లిల్లూ తలుపులు బాదారు. జనం బయటపడ్డారు. కొందరు తిట్టుకుంటూ, కొందరు ఎంగిలి చేతులతో.

పావుగంట పట్టిందేమో. నేల కిందినుంచి మూలుగులాంటి చప్పుడు. నలభై ఆరు దగ్గర మొదలై ఇళ్ళు ఒకదాని వెంట ఒకటి లోపలికి దిగాయి. దుమ్ము లేవలేదు, వానకి. అందుకే అంతా స్పష్టంగా కనపడింది.

లెక్క చూసుకుంటే యాభై రెండో ఇంటివాళ్ళు లేరు. తాతారావు వాళ్ళ తలుపు బాదాడు. "మా గోడలు బాగానే ఉన్నాయి, మీరెల్లండి," అని లోపలినుంచి ఆ ఇంటతను అన్నాడట. నీలం గోడమీద బాగోలేదని ఆ గాజు పట్టీని ఎప్పుడో ఊడబెరికేశారని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఆ అమ్మాయి పేరు జ్యోత్స్న. అతని పేరు తవిటినాయుడు. ఇక్కడ రాసిపెడుతున్నాను.

రోజు 112

షెడ్డు నిండిపోయింది. మా తెర పక్కన గున్నమ్మ వదిన వాళ్ళ తెర. ఇవాళ తెర తొలగించి నా పక్కన కూర్చుంది.

"సంఘంవోళ్ళు అవతలి కొండమీద కొత్త తలాలు ఇస్తారట. మిగిలిన పదమూడిళ్ళోళ్ళకీ. నీక్కూడాను," అంది. తర్వాత, "ఆ మేడమ్ మాకు గీస్తాదా? నాను అడిగితే బాగోదు. నువ్వడుగు," అంది.

ఇద్దరం వెళ్ళాం. హైమావతి గారు బల్లముందు కూర్చుని ఉంది. బల్లమీద కాగితమేమీ లేదు. విషయం చెప్పాం.

"ఆ అమ్మాయి గోడ చూపించి మురిసిపోయింది," అందావిడ. "ఇల్లు ఖాళీ చెయ్యండని గట్టిగా చెప్పాల్సింది. టీ తాగి, గాజు అంటించి వచ్చేశాను. నన్నెందుకు పెట్టుకుంటారమ్మా?"

గున్నమ్మ వదినే అంది. "నాకు గట్టిగానే సెప్పినారు కదమ్మా. నానే ఇన్నేదు. ఇప్పుడు ఇంటాను. మీరు తవ్వండి. ఎన్ని రోజులైనా తవ్వండి."

హైమావతి గారు తలదించుకుంది. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. మేం లేవబోతుంటే, వానలు తగ్గేదాకా ఆ కొండమీద ఎవర్నీ అడుగు పెట్టనివ్వొద్దని, నేల ఎండాకే చూడాలని అంది.

రోజు 113

సంఘం గుమాస్తా ఆరో వరస పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాడు. చివరి పేజీ నింపితే గానీ కొత్త స్థలానికి కొత్త పుస్తకం ఇవ్వరట. చివరి పేజీలో అచ్చువేసి ఉన్నది ఒక్క గడే. ఇల్లు పూర్తయిన తేదీ.

నేను కలం పట్టుకుని ఆలోచిస్తుంటే, "ఏదో ఒకటి రాసెయ్యమ్మా, వెనక వరసుంది," అన్నాడు.

ఇలా రాశాను: ఇల్లు కట్టలేదు. ఇంట్లోవాళ్ళం ఏడుగురమూ ఉన్నాం.